ఏ చెట్టు ఆకు? ఎవరు చెప్పిన ఆకు?

సూదుల్లాంటి ఆకులుండే కొండ చెట్లు 2019లో మా ఇంటికి రెండు రూపాల్లో వచ్చాయి. ఒకటి ఆస్పత్రిలో స్టాండుకు వేలాడే సీసాగా. రెండోది పాత హిందీ పేపర్లో చుట్టిన పొట్లంగా. మొదటిదాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ అన్నీ ఉన్నాయి. రెండోదాని మీద ఏమీ లేదు. ఆ ఏడాది వచ్చిన రెండూ మా అమ్మ కోసమే.

అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్‌లో చికిత్స మొదలైంది. అందులో ఓ దశ పాక్లిటాక్సెల్ అనే మందు. వారానికో డోసు చొప్పున పన్నెండు వారాలు. ప్రతిసారీ ఆ సీసా పెట్టేముందు స్టెరాయిడ్, అలర్జీ రాకుండా మరో ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఎందుకని అడిగితే నర్సు చెప్పింది: "మందు కంటే అది కలిపిన నూనెతోనే భయం సార్."

ఆ నూనె కథ ఆసక్తికరమైంది. పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు. అందుకే దాన్ని ఆల్కహాల్‌లోనూ, ఆముదం నుంచి తయారుచేసిన ఓ ద్రావకంలోనూ కరిగించి, ఆ తర్వాత సెలైన్‌లో కలుపుతారు. కొందరికి ఆ ద్రావకమే పడదు. ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం జరగొచ్చు. మాది నల్గొండ వైపు. చెలకల్లో ఆముదం పండించిన కుటుంబం. ఈ సంగతి చెబితే అమ్మ ఆ నీరసంలోనూ నవ్వింది. "చిన్నప్పుడు ముక్కు మూసి తాపిండ్రు. ఇప్పుడు నరంలకు ఎక్కిస్తున్నరా?" అంది.

ఆ సీసాలోని అసలు మందు మాత్రం చెలకల నుంచి వచ్చింది కాదు. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్క్‌లే పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు, ఆకులు సేకరించి పరీక్షలకు పంపారు. క్యాన్సర్ మందుల కోసం మొక్కలను వేల సంఖ్యలో జల్లెడ పడుతున్న రోజులవి. నార్త్ కరోలినాలో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ బెరడు నుంచి మందును వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. వాణి మనవాడే, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టారు. 2020లో కన్నుమూశారు. 1992లో అమెరికా ఆ మందును అండాశయ క్యాన్సర్‌కు, 1994లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతించింది.

చిక్కల్లా చెట్టు దగ్గరే వచ్చింది. నూరేళ్లు పెరిగిన యూ చెట్టు బెరడంతా ఒలిస్తే వచ్చేది దాదాపు 3 కిలోలు. దాన్నుంచి దొరికే మందు సుమారు 300 మిల్లీగ్రాములు, అంటే ఇంచుమించు ఒక్క డోసు. బెరడు ఒలిచిన చెట్టు బతకదు. ఒక రోగిని బతికించడానికి కొన్ని నూరేళ్ల చెట్లను చంపాల్సిన పరిస్థితి. ఫ్రాన్స్‌లో పియర్ పొటియర్ బృందం దీనికి దారి చూపింది. యూరప్ యూ చెట్టు ఆకుల్లో, పాక్లిటాక్సెల్‌కు ముందు మెట్టులాంటి పదార్థం దండిగా ఉందని కనిపెట్టింది. దాన్ని ల్యాబులో మందుగా మార్చవచ్చు. ఆకు కోస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఆ తర్వాత మొక్క కణాలను పెద్ద తొట్లలో పెంచి మందు తీసే పద్ధతి కూడా వచ్చింది. అమ్మ చేతికి ఎక్కిన సీసా వెనుక ఇంత కథ ఉంది. నేను దాన్ని చదివింది ఆస్పత్రి వరండాలో కూర్చునే.

అదే సమయంలో మా మేనత్త చార్‌ధామ్ యాత్రకు వెళ్లింది. బదరీనాథ్ చలికి దగ్గు పట్టుకుంది. గుడి నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో మాణా అనే ఊరుంది. టిబెట్ సరిహద్దు వైపున, 10 వేల అడుగులకు పైన ఉండే భోటియాల ఊరు. ఊరు చూద్దామని వెళ్లిన అత్త దగ్గుతూ ఓ ఇంటి అరుగు మీద కూలబడితే, ఆ ఇంటావిడ ఎర్రటి చాయ్ ఒకటి కాచి ఇచ్చింది. ఏం వేశావని సైగలతో అడిగితే పైనున్న అడవి వైపు చూపించింది. రెండు గ్లాసులు తాగేసరికి గొంతు తెరిపినపడిందట. అత్త ఆ చాయ్‌ను మర్చిపోలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆగినచోట ఓ దుకాణంలో 'పహాడీ చాయ్ పత్తీ, క్యాన్సర్‌కు కూడా మంచిది' అని చెప్పి సూదుల్లాంటి ఎండుటాకులు అమ్ముతుంటే కొని తెచ్చింది.

పొట్లం నా చేతిలో పెట్టి, "అరే, మీ అమ్మకు పొద్దున్నే ఇంత వేసి చాయ్ కాచి ఇయ్యి. ఇంజెక్షన్లు ఇంజెక్షన్లే, ఇది ఇదే" అంది. ఆమెకు మా అమ్మంటే ప్రాణం. తన సంచిలో అరకిలో జీడిపప్పుకు చోటు లేకపోయినా ఈ పొట్లానికి చోటు చేసుకుంది. ఇలాంటి ప్రేమను కాదనడం కష్టం. పైగా ఆమె మాట పూర్తిగా గాలి మాట కూడా కాదు.

సూదాకుల కషాయం మనుషుల్ని బతికించిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. వాటిలో బాగా నమోదైంది 1535-36 చలికాలంలో కెనడాలో జరిగింది. ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియర్ మూడు ఓడలతో ఇప్పటి క్యుబెక్ దగ్గర మంచులో చిక్కుకున్నాడు. సుమారు 110 మంది సిబ్బంది. చిగుళ్లు కుళ్లి, కాళ్లు వాచి, నల్లబడి ఒక్కొక్కరే పోతున్నారు. మొత్తం 25 మంది చనిపోయారు. అది స్కర్వీ, సి విటమిన్ లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. విటమిన్ అనే మాట పుట్టడానికి ఇంకా మూడున్నర శతాబ్దాలు పైనే పట్టింది.

పక్కనే స్టాడకోనా అనే స్థానికుల ఊరు. ఆ ఊరి నాయకుడు డొన్నకోనా కొడుకుల్లో దొమగాయా అనే యువకుడు ఉన్నాడు. పది పన్నెండు రోజుల కిందట మోకాలు వాచి నడవలేకపోయిన అతను, కులాసాగా నడిచి వెళ్లడం కార్టియర్ కంట పడింది. తన మనుషులు మరణశయ్య మీదున్నారని తెలిస్తే దాడి చేస్తారేమోనన్న అనుమానం కార్టియర్‌ది. అందుకే జబ్బు పడింది నౌకరు అని చెప్పి, మందేమిటని అడిగాడు. దొమగాయా దాపరికం లేకుండా చెప్పాడు. ఇద్దరు ఆడవాళ్లను వెంట పంపి కొమ్మలు కోయించాడు. ఆకులూ బెరడూ కలిపి ఉడికించి, రోజు విడిచి రోజు తాగాలి. పిప్పిని వాచిన కాళ్లకు పట్టు వేయాలి. మొదట తాగడానికి భయపడినవాళ్లు తర్వాత ఎగబడ్డారు. వారం రోజుల్లో ఒక పెద్ద చెట్టంతా ఖాళీ అయింది. మిగిలినవాళ్లు లేచి కూర్చున్నారు.

కాబట్టి అత్త పొట్లాన్ని మూఢనమ్మకం అని చెత్తబుట్టలో వేసే హక్కు నాకుందని అనుకోలేదు. నా ప్రశ్న వేరు. ఇది ఏ చెట్టు ఆకు?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ మన దేశంలో శతాబ్దాలుగా తెగని ప్రశ్న. మా నాయనమ్మ మందుల పెట్టెలో తాలీసాది చూర్ణం తప్పకుండా ఉండేది. దగ్గొస్తే తేనెలో రంగరించి నాకించేది. చరక సంహితలో రాజయక్ష్మ చికిత్స దగ్గరే కనిపించే పాత యోగమది. తాలీస పత్రం ఒక పాలు, మిరియాలు రెండు, శొంఠి మూడు, పిప్పళ్లు నాలుగు, వెదురుప్పు ఐదు, ఏలకులు, దాల్చినచెక్క చెరో అర పాలు, చక్కెర ముప్ఫై రెండు పాళ్లు. పేరు తాలీసానిదే అయినా అది నలభై ఎనిమిదింట ఒక పాలు మాత్రమే. అందులో పేరు చెప్పగానే మనకు తెలియనిది కూడా ఆ ఒక్క పాలే. ఎందుకంటే అది మన ఊళ్లలో దొరకదు, హిమాలయాల నుంచి రావాలి.

వచ్చేది ఏమిటన్నదే తకరారు. ప్రభుత్వం ప్రచురించిన ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం తాలీసం అంటే హిమాలయన్ ఫర్ చెట్టు ఆకు. కానీ బజారులో ఆ పేరుతోనే బెంగాల్ వైపు యూ చెట్టు ఆకు అమ్మిన చరిత్ర ఉంది. వాయవ్య ప్రాంతాల్లో ఒక రకం రోడోడెండ్రాన్ ఆకు, దక్షిణాదిలో సూదాకులతో ఏ సంబంధమూ లేని ఓ పుల్లటి పళ్ల చెట్టు ఆకు అదే పేరుతో నడిచాయి. ఒకే పేరు మీద నాలుగు చెట్లు. వాటిలో ఒకటి విషం.

ఆ విషపు చెట్టే యూ. ఉత్తరాఖండ్‌లో దాన్ని థునేర్ అంటారు. అమ్మకు ఎక్కిస్తున్న మందు ఏ జాతి చెట్లలో దొరికిందో, అదే జాతికి చెందిన హిమాలయన్ చెట్టు. ఎర్రటి పండు మీది గుజ్జు తప్ప చెట్టులో మిగిలిన భాగాలన్నీ ప్రమాదకరమే. ఆకుల్లో టాక్సిన్లు అనే ఆల్కలాయిడ్లు ఉంటాయి. అవి గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తాయి. వాటికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. రెండు వేల ఏళ్ల కిందటే గాల్ ప్రాంతపు రాజు ఒకరు యూ రసంతో ప్రాణం తీసుకున్నాడని జూలియస్ సీజర్ రాసిపెట్టాడు. ఎండినా, కాచినా విషం పోదు.

అయితే కొండల్లో భోటియాలు థునేర్ బెరడు వేసి చాయ్ కాచుకుంటారన్నదీ నిజమే. జలుబు, దగ్గులకు అది వాళ్ల ఇంటి వైద్యం. తరతరాలుగా కాచుకునేవాళ్లకు ఏ భాగం వాడాలో, ఎంత వేయాలో, ఎవరికి ఇవ్వకూడదో ఓ లెక్క ఉంటుంది. ఆ లెక్క ఆ ఇంటావిడ చేతిలో ఉంది. బస్సు ఆగినచోట దుకాణదారుకు ఆ లెక్క ఉందని నమ్మడానికి ఆధారమేదీ లేదు. అత్త తాగింది ఒకరి చేతి చాయ్, కొన్నది మరొకరి సరుకు. రెండూ ఒకటేనని ఆమె అనుకోవడం సహజం. నేను అనుకోలేకపోయాను.

మా కాలనీలో రిటైరైన బోటనీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు. పొట్లం తీసుకుని వెళ్లాను. తెల్లకాగితం మీద ఆకులు పరిచి, భూతద్దం తీశారు. పైన్ కాదని ముందే తేల్చేశారు. హిమాలయాల చిర్ పైన్ సూదులు జానెడు పొడవుంటాయి, మూడేసి కలిసి ఒక కట్టగా ఉంటాయి. దేవదారు సూదులు పొట్టి కొమ్మ చివర గుత్తిగా వస్తాయి. పొట్లంలోవి పొట్టిగా, బల్లపరుపుగా, విడివిడిగా ఉన్నాయి. అలా ఉండేవి ఫర్ అయినా కావాలి, యూ అయినా కావాలి.

"ఫర్ ఆకు కొన చూడండి బాబూ, చిన్న నొక్కు పెట్టినట్టు చీలి ఉంటుంది. కింది వైపు రెండు తెల్ల చారలు. లోపల జిగురు నాళాలుంటాయి కాబట్టి నలిపితే కర్పూరం, టర్పెంటైన్ కలిసిన వాసన. యూ ఆకు కొన మొనదేలి ఉంటుంది. తెల్ల చారలు ఉండవు, జిగురు నాళాలు అసలే లేవు. వాసన రాదు" అంటూ ఒక్కో ఆకూ పక్కకు జరిపారు. వేడినీళ్లలో కాసేపు నానబెట్టి నలిపి, వాసన చూశారు. అరగంటకు కాగితం మీద రెండు కుప్పలు తేలాయి.

"పొట్లంలో రెండు చెట్లున్నాయి. ఒకటి ఫర్. రెండోది థునేరేనని ఎండుటాకు చూసి ప్రమాణం చేయలేను. థునేర్ కాదని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చెప్పలేను" అన్నారు.

నాకు ఆ సమాధానం చాలు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. అత్తకూ వచ్చింది. క్యాన్సర్ మందు ఆ జాతి చెట్టులోనే ఉన్నప్పుడు, ఆ ఆకు చాయ్ తాగితే మందు నేరుగా ఒంట్లోకి పోదా? పోదు. కారణం ఆ ఆముదంలోనే ఉంది. పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు కాబట్టే కంపెనీలు అంత తంటాలు పడి నూనె ద్రావకం వాడుతున్నాయి. వేడినీళ్లలో ఆకు మరిగిస్తే ఆ మందు చాయ్‌లోకి దిగేది అత్యల్పం. దిగినా, నోటి ద్వారా ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. విషపు ఆల్కలాయిడ్లు మాత్రం కషాయంలోకి దిగుతాయి. ఆకు కషాయం తాగి చనిపోయినవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అంటే థునేర్ ఆకు చాయ్‌లో మందు ఆకులోనే ఉండిపోతుంది, విషం గ్లాసులోకి వస్తుంది. పైగా అమ్మ ఒంట్లో అప్పటికే నడుస్తున్న మందును అరగదీయాల్సింది కాలేయం. దాని మీద తెలియని కషాయం ఏదీ పోయవద్దని డాక్టరు మొదటి రోజే చెప్పారు.

ఇదంతా అత్తకు ఎలా చెప్పాలన్నది మరో సమస్య. 'నువ్వు తెచ్చింది విషం' అంటే ఆమె జన్మలో కోలుకోదు. రాత్రి భోజనాలయ్యాక, రెండు కుప్పల సంగతీ, తాలీస పత్రం సంగతీ, దుకాణం సంగతీ నెమ్మదిగా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆమె ఇచ్చిన చాయ్ తాగితే నాకు తగ్గింది కదా" అంది. తగ్గిందన్నది ఆమె అనుభవం. దాన్ని కాదనలేదు.

తీర్పు చెప్పింది అమ్మే. "వదినె అంత దూరం నుంచి మోసుకొచ్చింది. బదరీనాథుని దిక్కు నుంచి వచ్చింది. దేవుని అల్మారల పెట్టు. తాగేది మాత్రం డాక్టర్ చెప్పిందే తాగుత" అంది. పొట్లానికి పసుపు దారం కట్టి, పైన 'తాగరాదు' అని రాసి లోపల పెట్టాం. పన్నెండు వారాలూ గడిచాయి. అమ్మ ఇప్పటికీ ఏడాదికోసారి పరీక్షలకు వెళ్తోంది, బాగుంది.

ఆ తర్వాత నుంచి సూదాకుల చాయ్ ఎక్కడ కనిపించినా ఆగి చదవడం అలవాటైంది. చదివినకొద్దీ ఒకటి స్పష్టమవుతూ వచ్చింది. ఈ చాయ్‌కు తనంతట తానుగా ఏ గుణమూ నిలకడగా లేదు. ఎవరు, ఎందుకు, ఎలా కాస్తున్నారన్న దాన్ని బట్టి గుణం మారిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ 872 రోజులు జర్మనీ ముట్టడిలో ఉంది. ఆకలితో లక్షల మంది చనిపోయిన ఆ నగరంలో స్కర్వీ కూడా తోడైంది. విటమిన్ సంస్థ శాస్త్రవేత్తలు పైన్ సూదుల నుంచి సి విటమిన్ కషాయం తీసే పద్ధతి తయారుచేసి, ఫ్యాక్టరీలకూ క్యాంటీన్లకూ ఇచ్చారు. ఆకలితో తూలుతున్న ఆడవాళ్లు, పిల్లలే కొమ్మలు కోసి సూదులు దూశారు. ఆ చేదు నీళ్లు ఎంతోమందిని నిలబెట్టాయి. అదే దేశంలో, అదే కాలంలో, సైబీరియా తూర్పు కొసన కోలిమా నిర్బంధ శిబిరాల్లో ఖైదీలకూ సూదాకుల సారం తాగించారు. అక్కడ ఏళ్లపాటు బందీగా ఉన్న రచయిత వర్లాం షలామోవ్ తన కథల్లో ఆ సంగతి రాశారు. పొట్టి పైన్ సూదులను కాచి చిక్కబరచిన ఆ సారం మింగనిదే తిండి పెట్టేవారు కాదు. చివరికి దానిలో విటమిన్ లేదని తేలింది. ఆ చుట్టుపక్కలే సి విటమిన్ పుష్కలంగా ఉండే అడవి గులాబీ కాయలు విరగకాసేవి. గంటల తరబడి కాస్తే సి విటమిన్ నిలవదు. అక్కడ ఆ చేదు నీళ్లు మందు కాదు, శిక్షలో ఓ భాగం.

2021లో కోవిడ్ రెండో దశ నడుస్తున్నప్పుడు మరో సందేశం ప్రపంచమంతా తిరిగింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపు దాకా వచ్చింది. పైన్ సూదుల చాయ్‌లో సురామిన్ అనే మందు ఉంటుందట, టీకా దుష్ఫలితాలన్నీ పోతాయట. సురామిన్ ఏ చెట్టులోనూ ఉండదు. నిద్రజబ్బు కోసం జర్మనీలో బేయర్ కంపెనీ 1916లో ల్యాబులో తయారుచేసిన రసాయనమది. అబద్ధానికి కాస్త నిజం అద్దడానికి షికిమిక్ ఆమ్లం పేరు కూడా కలిపారు. ఆ ఆమ్లం పైన్ సూదుల్లో నిజంగానే ఉంటుంది. ఫ్లూ మందు టామిఫ్లూ తయారీకి అది ముడిసరుకు కూడా. కానీ దాన్ని ఎక్కువగా తీసింది మన బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి. ఆ మందును తయారుచేయడానికి రోష్ కంపెనీ నుంచి 2005లో లైసెన్సు పొందింది హైదరాబాద్‌కు చెందిన హెటెరోనే. షికిమిక్ ఆమ్లం మందుగా మారాలంటే ఎన్నో రసాయన చర్యలు జరగాలి. లేకపోతే హైదరాబాద్‌లో బిర్యానీ తిన్న ఎవరికీ ఫ్లూ రాకూడదు.

ఆ గ్రూపులో అప్పుడు జవాబిచ్చింది నేను కాదు, అత్త. "ముందు అది ఏ చెట్టో చెప్పుండ్రి" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. చెట్టు పక్కాగా తెలిసి, అది పైన్ అయితే, తాజా సూదులు వేడినీళ్లలో నానబెట్టి తాగితే కాస్త సి విటమిన్, మంచి వాసన దొరుకుతాయి. కొరియాలో ఆ చాయ్ ఇప్పటికీ ఇష్టంగా తాగుతారు. మన దగ్గర ఆ పని ఒక జామకాయ ఇంకా బాగా చేస్తుంది. గర్భిణులు మాత్రం ఏ సూదాకుల కషాయం జోలికీ పోకూడదు. అమెరికాలో పాండెరోసా పైన్ సూదులు మేసిన ఆవులకు గర్భస్రావాలు కావడం పశువైద్యులకు బాగా తెలిసిన విషయం. చెట్టు తెలియకపోతే, అది ఏ కొండ మీద నుంచి వచ్చినా తాగకూడదు.

ఇక థునేర్ విషయం. బెరడు కోసం, ఆకుల కోసం విచక్షణ లేకుండా కొట్టేయడంతో హిమాలయాల్లో ఆ చెట్టు అంతరించిపోయే జాతుల జాబితాలో చేరింది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు. మాణాలో ఓ ఇంటి చాయ్‌కు సరిపడా బెరడు గీరితే దానికి ఏమీ కాదు. యాత్రకు వచ్చే లక్షల మందికీ తలా ఒక పొట్లం అమ్మాలంటే మాత్రం అడవి మిగలదు. చెట్టు పోతే, దాన్ని గుర్తుపట్టగలిగిన కళ్లకూ పని లేకుండా పోతుంది.

కెనడాలో అదే జరిగింది. తన మనుషుల్ని బతికించిన ఊరికి కార్టియర్ చేసిన ప్రత్యుపకారం ఏమిటో తెలుసా? 1536 మేలో తిరిగి వెళ్తూ డొన్నకోనాను, దొమగాయాను, మరికొందరిని పట్టి ఓడల్లో ఫ్రాన్స్ తీసుకుపోయాడు. 1541 నాటికి ఒక్క చిన్నపిల్ల తప్ప అందరూ అక్కడే చనిపోయారు. ఎవరూ సొంత ఊరు చేరలేదు. డెబ్బై ఏళ్ల తర్వాత మళ్లీ ఫ్రెంచివాళ్లు ఆ ప్రాంతానికి వచ్చారు. అప్పటికి స్టాడకోనా ఊరే లేదు. కార్టియర్ రాసుకున్న 'అన్నెద్దా' అనే చెట్టు పేరు చెబితే, అప్పుడక్కడున్న వేరే తెగలవాళ్లకు అర్థం కాలేదు. 1608-09 చలికాలంలో శాంప్లేన్ స్థాపించిన క్యుబెక్‌లో 28 మందిలో 20 మంది స్కర్వీతో, విరేచనాలతో చనిపోయారు. మందు చెట్లు వాళ్ల చుట్టూ అడవి నిండా ఉన్నాయి. అన్నెద్దా ఏ చెట్టో ఈరోజుకూ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. తెల్ల సెడార్ అని కొందరు, బాల్సమ్ ఫర్ అని కొందరు.

మందు చెట్టులో ఉందని మనం అనుకుంటాం. సగం చెట్టులో ఉంటుంది. మిగతా సగం దాన్ని గుర్తుపట్టి, ఇంతే వేయాలని చెప్పి, నీ దగ్గును చూసి కాచి ఇచ్చే మనిషిలో ఉంటుంది. ఆ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని పొట్లం కట్టుకుంటే, చేతికి వచ్చేది ఏమిటో మనకే తెలియదు. కార్టియర్ కనీసం దొమగాయా పేరు రాసుకున్నాడు. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, కొమ్మలు కోసిన ఆ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు అతను రాయలేదు. మాణాలో అత్తకు చాయ్ ఇచ్చిన ఆవిడ పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.